చాటెడు తవుడు

గొడవ మరచెంబు మూత దగ్గర మొదలైంది.

రామేశ్వరమ్మ చెంబును చింతపండుతో తోమి, నీళ్ళు నింపి, మూత బిగించి, కోడలి సంచి పక్కన పెట్టింది. కృష్ణవేణి దాన్ని తీసి గూట్లో పెట్టి, మట్టి కూజా తెచ్చుకుంది.

"అదెందుకే? దాని మెడ సూడు, కొంగ మెడ మాదిరి. బస్సు ఒక్కసారి ఎగిరిందంటే నీళ్ళన్నీ చీర మీదనే" అంది రామేశ్వరమ్మ.

"చెంబు మూత రాదత్తా. మీరు బిగిస్తే తియ్యడానికి మగవాళ్ళు కావాల."

"వదులుగా పెడితే కారతాదంటావు. బిగిస్తే రాదంటావు. అంత దూరం మద్రాసు పోయి చదివితివే, చెంబు మూత తియ్యడం చెప్పియ్యలేదా ఆడ?"

"చెప్పియ్యలేదు."

"వచ్చేటప్పుడు చంకలో బిడ్డ ఉంటాది. కాచిన నీళ్ళు పోసుకోవాల. కూజాలో పోసుకొస్తావా? అదీ నేనే చెప్పాలనా?"

సుందరం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "ఏదో ఒకటి తీసుకో. బస్సు పోతాది" అన్నాడు.

కృష్ణవేణి కూజాను పక్కన పెట్టి చెంబు తీసుకుంది. ఓడిపోయానని కాదు. ఇంకొంచెం వాదించాలంటే ఏదో కావాలి, అది ఆమె దగ్గర లేదు.

పోయిన ఆషాఢంలో ఆ ఇంట్లో కృష్ణవేణి పాప పోయింది. పేరు కమల, ఇంకా రెండేళ్ళు నిండలేదు. జ్వరం వచ్చి తగ్గి, మళ్ళీ వచ్చి తీసుకుపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ పెద్ద విషయాలకు పోట్లాడుకోలేదు. పొయ్యి మీద పాలు, తలుపు గడియ, బావి చేద, ఇలాంటి వాటికే. కృష్ణవేణి ఏడవలేదు. ఇరుగుపొరుగు వాళ్ళతో రామేశ్వరమ్మ, "మా కోడలు గట్టిది" అని చెప్పేది. అది మెచ్చుకోలో నిందో విన్నవాళ్ళకు తెలిసేది కాదు.

కడపలో కృష్ణవేణి అన్న ఓబులేసుకు దసరాలో నాలుగో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను కృష్ణవేణి తెచ్చుకుని పెంచుకుంటే మేలని పెద్దవాళ్ళు అనుకున్నారు. వాళ్ళకు ఒక బరువు తగ్గుతుంది, ఇక్కడ ఒక ఒడి నిండుతుంది. కృష్ణవేణిని అడగలేదని కాదు. అడిగారు. ఆమె సరే అంది. ఆ మధ్య ఆమె అన్నిటికీ సరే అంటూ ఉంది. సుందరానికి తాలూకా కచేరీలో సెలవు దొరకలేదు. తోడు రావడానికి రామేశ్వరమ్మకు మోకాళ్ళు సహకరించవు. అందుకని ఆమె మొదటిసారి ఒంటరిగా బయలుదేరింది. మద్రాసు హాస్టలుకు కూడా నాన్న వచ్చి దిగబెట్టేవాడు.

యుద్ధం వచ్చి పెట్రోలంతా మిలిటరీకి పోయాక కర్నూలు బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి. వెనక ఇనప పీపా, దాని కింద నిప్పు. పీపా వేడెక్కేదాకా ప్రయాణికులు నిలబడి దాన్నే చూస్తూ ఉండాలి.

"మా ఇంటామె ఒకతే పోతాంది. కడపలో వాళ్ళన్న వస్తాడు" అని సుందరం కండక్టరుకు చెప్పాడు.

కండక్టరు వలి సాహెబ్ మీసం తుడుచుకుని, "నాకిడిసిపెట్టప్పా. కడప దాకా నేనే మేనమామ అనుకో. కడప దాటినాక నాకు తెల్దు" అన్నాడు.

సుందరం నవ్వలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, ఏదో చెప్పబోయి, "జాగ్రత్త" అన్నాడు. తనకా, తాను తీసుకురాబోయే పిల్లకా అని కృష్ణవేణి ఒక క్షణం అనుకుని, వదిలేసింది.

డ్రైవరు వెనక వరస ఆడవాళ్ళది. అందులో కిటికీ పక్కన ఒక ముసలామె అప్పటికే కూర్చుని ఉంది. రెండు చెవుల నిండా వెండి పోగులు, ఒళ్ళో తమలపాకుల సంచి, కాళ్ళ దగ్గర గంప కింద ఒక కోడి.

"కూసోమ్మా, కూసో. కోడిని తొక్కొద్దు. దర్గాకిచ్చే కోడి. ఇంట్లో ఇంతవరకూ ఎవురినీ పొడవని కోడి అదొక్కటే, అందుకే దేవునికి ఇస్తాండా" అంది. పేరు షంషాద్ బీ అట. కడపలో కూతురుందట. అడగకుండానే చెప్పింది.

కల్లూరు దాటాక నేల చదునైంది. కోసిన జొన్న మోళ్ళు, మధ్యమధ్య నల్లరేగడి పగుళ్ళు. మాఘమాసమే అయినా ఎండ చురుక్కుమంటోంది. కృష్ణవేణి అన్నీ చూసింది. పత్తి మూటలతో ఎదురొచ్చిన ఎద్దుల బండి, కొమ్ములకు రంగు వెలిసిన ఎడమటి ఎద్దు, బండివాడి చేతిలో తెగిన పలుపు. చూడడం మాత్రం మానలేదు ఆమె. చూసినవి లోపలికి పోయేవి కావు, అద్దం మీద నీళ్ళలాగా జారిపోయేవి.

దాహమేసి చెంబు తీసింది. మూత రాలేదు. కొంగు చుట్టి తిప్పింది. రాలేదు.

"ఇట్లియ్యి" అంది షంషాద్ బీ. చెంబును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళు బిగించి, "యా అల్లా, ఎవురు బిగించినారమ్మా దీన్ని, రాచ్చసా?" అంటూ తిప్పింది.

"మా అత్త."

"అదే అంటి."

మూత ఊడి వచ్చింది. ముసలామె ఇవ్వబోయి ఆగింది. "అయ్యో, నేను తాకితిని. మీ ఇండ్లల్లో తాగుతారో తాగరో."

"తాగుతాను" అని కృష్ణవేణి తాగింది. నీళ్ళలో చింతపండు వాసన.

"పిల్లలెంతమంది?"

"ఒక పాప."

"యాడుండాది?"

అప్పుడే వలి సాహెబ్ టికెట్లంటూ వచ్చాడు. చిల్లర గొడవలో ఆ ప్రశ్న పోయింది. తన నోరు తనను అడక్కుండా జవాబు చెప్పిందని కృష్ణవేణి గమనించింది. దిద్దాలనిపించలేదు.

నంద్యాలలో ఒక జంట ఎక్కింది. మొగుడు వెనక మగవాళ్ళ దగ్గరికి పోయాడు. పెళ్ళాం చంకలో పసిబిడ్డ, చేతిలో పెద్ద వెదురు చాట, భుజాన ఒక చిన్న మూట. చాట తలుపులో పట్టలేదు.

"చాటకు అర టిక్కెట్టు" అన్నాడు వలి సాహెబ్.

"చాట ఏమన్నా నీ సీట్లో కూసుంటాదా?"

"నీ చాట కూసునేంత చోటిస్తే ఇద్దరు మనుసులు పడతారు మే."

"మనుసులను దించి చాటను కూసోబెట్టు పో. అది నీతో మాట్లాడదు గదా, సుకంగా ఉంటావు" అంది ఆమె. బస్సులో నవ్వారు. చాట బస్సు కప్పు మీదికెక్కింది, టికెట్టు లేకుండానే.

ఆమె కృష్ణవేణి పక్కన సర్దుకుని కూర్చుంది. ఇరవై దాటి ఉండదు. పేరు వరమ్మ. మొగుడు నరసన్న. మైదుకూరులో పుట్టిల్లు. బిడ్డకు నాలుగైదు నెలలుంటాయి, ఇంచుమించు ఓబులేసు కూతురి ఈడుదే. చొక్కా లేదు, నడుముకు నల్లదారం. ముఖం మీద బొగ్గు పూసి, ఉన్న అందం కూడా కనపడకుండా చేశారు.

"దీని పేరేమి?" అని అడిగింది షంషాద్ బీ.

"దీనికి పేరు లేదవ్వా. పేరు పెడితే పిలిచేటోళ్ళు ఎక్కువైతారు."

కొంతసేపటికి కింద గంపలోంచి తల బయటపెట్టి కోడి వరమ్మ మూటను పొడవసాగింది. మూట చివర కారి సీటు కింద తవుడు పడుతోంది.

"అవ్వా, నీ కోడి నా బిడ్డ కరీదు తినేస్తాంది!"

"ఏం కరీదే?"

వరమ్మ మూటను కాళ్ళ మధ్యకు లాక్కుని చెప్పింది. ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోది నిలవాలంటే దాన్ని తన బిడ్డ కాదనుకోవాలి. చాటలో పెట్టి వదిలేసి పోవాలి. ఎవరో ఒకామె ఎత్తుకుని తనదంటుంది. అప్పుడు తల్లి వచ్చి తవుడిచ్చి కొనుక్కోవాలి. పాడు బిడ్డ, తవుడు ధర పలికే బిడ్డ అనుకుని, ప్రాణాలు తీసుకుపోయేవాళ్ళు దాని వైపు చూడరు.

"మా ఊరోళ్ళు ఎత్తుకోకూడదు, మా అమ్మోళ్ళ ఊరోళ్ళూ ఎత్తుకోకూడదు. దోవన పొయ్యే మనిసి కావాల. మల్లా మా మొగం సూడగూడదు. అందుకే ఇట్ల బయలుదేరినాం. బస్సు యాడన్నా నిలిస్తే సెయ్యాల."

"బొగ్గు బస్సు గదా, నిలవక యాడికి పోతాది" అంది షంషాద్ బీ.

ఆళ్ళగడ్డ దాటాక నిలిచింది. డ్రైవరు దిగి, పీపా తలుపు తెరిచి, బూడిద లాగడం మొదలుపెట్టాడు. చుట్టూ ఊరు లేదు. ఒక తుమ్మ చెట్టు, దాని కింద మైలురాయి. మగవాళ్ళు బీడీలు ముట్టించుకున్నారు. నరసన్న చాటను దింపి తెచ్చి, పెళ్ళాం చేతికిచ్చి, దూరంగా నిలబడ్డాడు. తువ్వాలును మెలితిప్పుతున్నాడు.

"నేనెత్తుకుంటా, తే" అంది షంషాద్ బీ, తమలపాకు రసం ఉమ్మేసి. "నాకు ఏడుగురు. ఒక్కటన్నా పోలేదు. నా చెయ్యి మంచిది. లేకుంటే ఈయమ్మ ఉండాది, ఈయమ్మకూ ఒక పాపుండాది."

"లేదు" అంది కృష్ణవేణి. "ఉండింది. పోయిన ఆషాఢంలో పోయింది."

షంషాద్ బీ దవడ ఆడించడం ఆపింది. "పొద్దున ఉండాదని చెప్తివే."

"చెప్పాను."

ఇప్పుడు వరమ్మ బిడ్డను అవతలి చంకకు మార్చుకుంటుందని కృష్ణవేణి అనుకుంది. కర్నూల్లో చాలామంది అలా చేశారు. సీమంతాలకు పిలిచి, తాంబూలం వేరే గదిలో ఇచ్చారు. ఆమెకు నొప్పి అనిపించలేదు. తాంబూలంలో సున్నం ఎక్కువైందని మటుకు గుర్తుంది.

వరమ్మ మార్చుకోలేదు. ఆమెను కింద నుంచి పైదాకా చూసింది, సంతలో గేదెను చూసినట్టు.

"నువ్వొద్దులే అవ్వా. ఈయక్కనే ఎత్తుకోనీ" అంది.

"ఏందే పిల్లా! నీకేమన్నా మతి పోయిందా? పోగొట్టుకున్న చేతిలో పెడతావా?"

"నీకు ఏడుగురుండారు. నా బిడ్డతో నీకేం పని? నువ్వు ఎత్తుకుంటే ఉత్త ఆట అని తెలిసిపోదా? ఈయక్క ఎత్తుకుంటే నమ్ముతారు."

"ఎవురు నమ్మాల?"

"తీసకపొయ్యేటోళ్ళు."

కృష్ణవేణి సరే అంది.

వరమ్మ మైలురాయి పక్కన చాటను నేల మీద పెట్టింది. మూట విప్పి తవుడు కొంగు ఒడిలో పోసుకుంది. బిడ్డను ఉత్త చాటలో పడుకోబెట్టి, వెనక్కి తిరగకుండా బస్సు అవతలికి నడిచిపోయింది. బిడ్డ ఆకాశం వైపు చూసి కాళ్ళు ఆడించింది.

కృష్ణవేణి వంగి ఎత్తుకుంది. ఎలా ఎత్తుకోవాలో ఆలోచించనక్కరలేదు. ఎడమ చెయ్యి మెడ కిందికి దానంతట అదే పోయింది. మోచేయి మడత దగ్గర ఆ బరువు కూర్చుంది. ఆముదం వాసన, పాల వాసన. బిడ్డ ఆమె పుస్తెల తాడు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కన్నీళ్ళు వస్తాయేమోనని కృష్ణవేణి చూసింది. రాలేదు. చెయ్యి ఒక్కటే గుర్తుపట్టింది, మిగతా ఒళ్ళంతా ఊరకే నిలబడింది.

వరమ్మ బస్సు చుట్టూ తిరిగి వచ్చింది. కొత్తమనిషిలాగా నవ్వుతూ, "ఏమమ్మా, ఈ బిడ్డ ఎవురిది?" అంది.

"నాది" అంది కృష్ణవేణి.

"అమ్ముతావా?"

ఏమిస్తావని అడగాలి. కృష్ణవేణి అడగలేదు.

పీపాలో కొత్త బొగ్గు పోస్తున్న చప్పుడు. బీడీ తాగుతున్న ఒకతను ఇటు చూసి, మళ్ళీ అటు తిరిగాడు.

"చెప్పమ్మా" అంది షంషాద్ బీ మెల్లగా.

వరమ్మ ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, కానీ అది అక్కడ మరిచిపోయి వదిలేసినట్టుగా ఉంది. ఆమె ఒక చేత్తో ఒడిలో తవుడు పట్టుకుంది. రెండో చెయ్యి ముందుకు వచ్చి బిడ్డ కాలి మడమను రెండు వేళ్ళతో పట్టుకుంది. గట్టిగా కాదు. లాగలేదు. పట్టుకుని ఉంది, అంతే.

"అక్కా" అంది, ఈసారి కొత్తమనిషి గొంతుతో కాదు. "అమ్ముతావా?"

తనను ఎందుకు ఎంచుకుందో కృష్ణవేణికి అప్పుడు అర్థమైంది. వరమ్మ తెలియక పెట్టలేదు. తిరిగి ఇవ్వకపోవచ్చని తెలిసే ఆ చేతిలో పెట్టింది. ఆ రెండు వేళ్ళు తప్ప ఇంకేమీ చేతిలో ఉంచుకోకుండా పెట్టింది.

"ఏమిస్తావు?"

"చాటెడు తవుడు."

"చాలు."

బిడ్డ తల్లి చంక చేరింది. పుస్తెల తాడు వదలడానికి మాత్రం ఒప్పుకోలేదు. వేలు వేలూ విప్పాల్సి వచ్చింది. వరమ్మ తవుడును చాటలో పోసి, చాటతోనే కృష్ణవేణి కొంగులోకి ఒంపింది. దూరంగా నరసన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పేరేం పెడతావే?" అంది షంషాద్ బీ.

"తవుడమ్మ."

"ఆ పేరుండేదాన్ని ఏ మొగోడు చేసుకుంటాడే!"

"బతికితే ఎవుడో ఒకడు చేసుకుంటాడులే అవ్వా."

మైదుకూరులో వాళ్ళు దిగిపోయారు. అమ్మినామె ముఖం మళ్ళీ చూడకూడదు కనుక వరమ్మ దోవంతా అటు తిరిగి కూర్చుని, తలదించుకునే దిగింది. చాట మాత్రం కిటికీ ముందు నుంచి ఒకసారి పోయింది.

"తవుడు పారెయ్యొద్దు. ఏ గొడ్డుకన్నా పెట్టు" అంది షంషాద్ బీ. బస్సు కడప చేరింది. దిగేటప్పుడు మరచెంబు మూత వదులుగా పెట్టి ఇచ్చింది.

ఓబులేసు బస్సు దగ్గరికి వచ్చి సంచి అందుకున్నాడు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో గేదె ఉంది. కృష్ణవేణి కొంగులోని తవుడును కుడితి తొట్టిలో వేసి చేతులు దులుపుకుంది.

వదిన రామలక్ష్మి గడపలోనే నిలబడి, "తవుడేంది కృష్ణవేణీ?" అంది.

"దోవలో ఒక బిడ్డను అమ్మినా. దానికిచ్చినారు."

ఆ ఆచారం తెలియనిది కాదు రామలక్ష్మి. లోపలికి పోయి బిడ్డను తెచ్చింది. తల దువ్వి, కాటుక పెట్టి, కొత్త గౌను తొడిగి ఉంది. గోడవారన ఉతికి మడిచిన గుడ్డల మూట కట్టి ఉంది, పైన ఉగ్గుగిన్నె.

"పోతపాలు అలవాటు చేసినా. ఆవుపాలు నీళ్ళు కలిపి పోస్తే తాగుతాంది. రొమ్ము అడగడం మానేసింది. నీకు కష్టముండదు" అని చెప్పి బిడ్డను కృష్ణవేణి చేతుల్లో పెట్టింది. పెట్టి, రెండు చేతులూ ఒకేసారి వదిలేసింది. వెంటనే వంటింట్లోకి పోయింది. పోతూ పైట ముందుకు లాక్కుంది. లాక్కునేలోపల రవిక తడిసి ఉండడం కృష్ణవేణికి కనపడింది.

దీపం పెట్టాక భోజనాలకు కూర్చున్నారు. ఓబులేసు, పక్కన పెద్దపిల్లలు ముగ్గురూ, ఎదురుగా కృష్ణవేణి. రాగిసంగటి, పుంటికూర పప్పు. ఆడబిడ్డ వచ్చిందని ఆమె ఒక్కదానికి వరి అన్నం. చంటిది తడిక పక్కన ఉయ్యాలలో ఉంది. పెద్దపిల్లలు ఉయ్యాల వైపు చూడకుండా తింటున్నారు. చూడొద్దని ఎవరో చెప్పి ఉంటారు.

"ఎల్లుండి దశమి" అన్నాడు ఓబులేసు. "మంచిరోజట. పొద్దున బస్సుకే పోదువు. సద్ది కట్టిస్తా. నంద్యాల దాకా నేనూ వస్తాలే, ఒక్కదానివే బిడ్డతో..."

"పాపను నేను తీసుకుపోను, అన్నా."

ఓబులేసు చేతిలో ముద్ద ఆగింది. "అదేం మాట? బాగలేదా పిల్ల?"

"బాగుంది. నేనొక్కదాన్నే పోతాను. పాప ఈడనే ఉంటుంది."

"మీ అత్త ఊరుకుంటుందా?"

"ఊరుకోదు."

"సుందరం?"

"ఆయన ఏమీ అనడు."

"మరి నీ సంగతేమి? రేపటి నుంచి ఆ ఇంట్లో..."

కృష్ణవేణి పప్పు కలుపుతోంది. తన సంగతి ఏమిటో ఆమెకు తెలియదు. తెలిసినట్టు చెప్పాలని కూడా అనిపించలేదు.

"తీసుకున్నాను, మళ్ళీ వాళ్ళమ్మకే ఇచ్చేశానని చెప్తా మా అత్తకు" అంది. తరువాత తలుపు వైపు చూడకుండానే, "వదినా, ఆ ఉగ్గుగిన్నె కడిగి అటక మీద పెట్టెయ్యి. పాప లేచేటప్పటికి నువ్వే ఇయ్యి పాలు" అంది.

రామలక్ష్మి సంగటి గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. పెద్దపిల్ల ఇంకో ముద్ద అడిగింది. వాళ్ళమ్మకు వినపడలేదు. పిల్ల మళ్ళీ అడిగింది.